బందరు రేవు, దివి లంకలు: పడవ మీద, కాలినడకన

హనుమాన్ జంక్షన్ పాత ఊరు కాదు. మోటారు రోడ్ల కాలంలో పెరిగిన కూడలి. ఉత్తరాన నూజివీడు మామిడి తోటలు, దక్షిణాన గుడివాడ మీదుగా బందరు, పడమట బెజవాడ, తూర్పున ఏలూరు. వేసవి వచ్చిందంటే రసాలు, బంగినపల్లి, కలెక్టరు కాయలు ఈ కూడలి మీదుగానే నలుదిక్కులకూ వెళతాయి. ఓడలతో, లంకలతో ఈ చోటుకు సంబంధమేమిటని ఎవరికైనా సందేహం కలగవచ్చు. కాని రోడ్డుకు కొంత దూరంలో పారుతున్న ఏలూరు కాలువను చూస్తే ఆ సందేహం సగం తీరుతుంది. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయిన తరువాత కృష్ణ నీటిని గోదావరి కాలువలతో కలిపిన జలమార్గమది. 1893లో రైలు వచ్చేవరకు, ఆ తరువాత కూడా చాలా కాలం, ఈ ప్రాంతపు ధాన్యమూ మనుషులూ పడవల మీదనే కదిలారు. కొంచెం ఆగ్నేయంగా వెళితే కొల్లేరు. అక్కడి లంక గ్రామాల ప్రజలకు తాటిదోనెయే కాలూ చెయ్యీ. ఇంకా దక్షిణానికి పోతే బందరు, దానికి నైరుతిగా కృష్ణ రెండు పాయల నడుమ దివిసీమ, ఆ పిమ్మట సముద్రం.

నీటి మీద ఒక రేవు నుండి మరొక రేవుకు పోతూ, దిగిన ప్రతి పట్నాన్నీ కాలినడకన చూసి వ్రాసిన ముస్లిం యాత్రికులలో అగ్రగణ్యుడు ఇబ్నె జుబైర్. ఈయన 1145లో అందలూసియాలోని వలెన్సియా పట్నంలో జన్మించాడు. హిజ్రీ 578 షవ్వాల్ నెలలో, అనగా 1183 ఫిబ్రవరిలో, గ్రనడా నుండి హజ్‌యాత్రకు బయలుదేరాడు. సబ్తా రేవులో జెనోవా నగర క్రైస్తవుల ఓడ ఎక్కాడు. సార్డీనియా, సిసిలీ, క్రీటు ద్వీపాల తీరాలను దాటుకుంటూ నెల రోజులలో అలెగ్జాండ్రియా చేరాడు. ఆ పట్నంలో సుల్తాన్ సలాహుద్దీన్ ఉద్యోగులు హాజీలను నిలబెట్టి, మూటలు విప్పించి, ఒంటి మీద బట్టలు కూడా వెతికి, జకాత్ పేరున డబ్బు వసూలు చేసిన తీరును ఏ మొహమాటమూ లేకుండా వ్రాశాడు. సుల్తానును ఎంతగానో ప్రశంసించిన చేతితోనే ఆయన సుంకపు కచేరీ అన్యాయాన్నీ రికార్డు చేశాడు. యాత్రా రచయితకు ఉండవలసిన మొదటి గుణం ఇదే.

తిరుగు ప్రయాణం మరీ కష్టమైనది. 1184 చివర అక్కా రేవులో ఎక్కిన ఓడ చలికాలపు గాలులకు దారి తప్పి, చివరకు సిసిలీ ద్వీపంలో మెస్సీనా పట్నం ఎదుట బద్దలైంది. ఒడ్డు కనిపిస్తూనే ఉంది, చిన్న పడవలూ వచ్చాయి. కాని పడవవాళ్ళు అడిగిన కిరాయి ఇచ్చుకోలేక పేద ముస్లింలు ఓడలోనే చిక్కుబడిపోయారు. సిసిలీ రాజు రెండవ విలియం స్వయంగా రేవుకు వచ్చి, తన నాణేలు వంద ఇప్పించి వారిని ఒడ్డుకు చేర్పించాడు. రాజు క్రైస్తవుడు, కాపాడబడినవారు ముస్లింలు. ఇబ్నె జుబైర్ ఈ సంగతిని దాచలేదు. ఆ పిమ్మట అతడు పడవ మీద చెఫలూ, తెర్మినీ రేవులకు వెళ్ళాడు. గాలి అనుకూలించక పడవ కదలకపోవడంతో అక్కడి నుండి పలెర్మోకు నడిచి వెళ్ళాడు. నడిచాడు కనుకనే దారిలోని మస్జిదులను చూశాడు, పల్లెలలోని ముస్లిం రైతులతో మాట్లాడాడు. రాజు కొలువులో పనిచేసే ముస్లింలు తమ విశ్వాసాన్ని లోలోపలే దాచుకొని బ్రతుకుతున్న భయమూ అతనికి తెలిసింది. క్రిస్మసు నాడు పలెర్మో క్రైస్తవ స్త్రీలు ముస్లిం స్త్రీల మాదిరిగా ముసుగులు వేసుకొని చర్చికి పోవడం చూసి ఆశ్చర్యపోయాడు. 1185 ఏప్రిల్‌లో గ్రనడా చేరాడు.

ఈ గ్రంథం విలువ నలభై ఏళ్ళు తిరగకముందే తెలియవచ్చింది. 1220ల నుండి చక్రవర్తి రెండవ ఫ్రెడరిక్ సిసిలీ ముస్లింలను మూకుమ్మడిగా ఇటలీలోని లుచేరా పట్నానికి తరలించాడు. 1300లో ఆ స్థావరం కూడా నాశనమైంది. ఇబ్నె జుబైర్ నడిచి చూసిన ఆ రైతులు, ఆ మస్జిదులు, ఆ బజారులు నేడు లేవు. వారిని గురించి వారి మతస్థుడే కళ్ళతో చూసి వ్రాసిన కొద్ది పుటలు మాత్రం మిగిలాయి.

ఈ గీటురాయితో మన తీరాన్ని పరీక్షిస్తే ఏమి కనిపిస్తుంది?

ముందుగా ఒక అపోహను తొలగించాలి. ఇబ్నె బతూతా ఆంధ్రతీరానికి వచ్చాడని అక్కడక్కడ చెప్పుకోవడం ఉంది. దానికి ఆధారం లేదు. ఆయన మలబారు, మాల్దీవులు, మధుర సుల్తానుల మఅబర్ చూశాడు గాని, కృష్ణా ముఖద్వారానికి రాలేదు. గొప్పవారి పేరు తగిలించుకోవలసినంత పేదరికం బందరు చరిత్రకు లేదు.

మచిలీపట్నం ప్రాచీనమైన రేవు. టాలమీ భూగోళ గ్రంథంలోని మైసోలియా ఈ ప్రాంతమే. కాని దాని వైభవమంతా కుతుబ్‌షాహీల కాలంలో, ముఖ్యంగా పదహారవ శతాబ్దం చివరి నుండి పదిహేడవ శతాబ్దం చివరిదాకా సాగింది. గోల్కొండ రాజ్యానికి అది సముద్రద్వారం. తెలుగువాడు ఈ ఊరిని ఇప్పటికీ ‘బందరు’ అంటాడు. అది రేవు అనే అర్థం గల పారశీక పదం. ఒక సామాన్య నామం ఊరి పేరైపోయి, లడ్డుకు కూడా అంటుకున్నది! లంగరు కూడా పారశీకమే. పడవకు దారి చూపే చుక్కాని అరబ్బీ ‘సుక్కాన్’. సరంగు, ఖలాసీ, లస్కరు కూడా ఆ దారినే వచ్చినవి. ఈ మాటలను కచేరీ గుమాస్తాలు తేలేదు. ఓడ మీద ఒకే తాడును లాగిన చేతులు తెచ్చాయి.

రేవు అనగానే ఓడలు వచ్చి మెట్ల దగ్గర ఆగేవని ఊహించరాదు. ఇక్కడి సముద్రం లోతు తక్కువ. పెద్ద ఓడలు తీరానికి దూరంగా లంగరు వేసేవి. సరుకూ మనుషులూ చిన్న పడవల మీద ఏటి మొగ గుండా పట్నానికి రావలసిందే. పట్నం చుట్టూ చిత్తడి నేల, ఉప్పునీరు. దాని మీదుగా పొడవైన కొయ్య వంతెన ఉండేదని ఐరోపా యాత్రికులు వ్రాశారు. 1618 నుండి 1622 వరకు ఇక్కడి ఆంగ్ల కొఠీలో పనిచేసిన మెత్‌వోల్డు, ఊరికి ప్రాకారం లేదని, కట్టడాలు నాసి అని, బావుల్లో నీళ్ళు ఉప్పన అని చప్పరించాడు. అయినా జనసమ్మర్దం గల ఊరని ఒప్పుకున్నాడు. నీళ్ళు బాగులేని చోట జనం కిక్కిరిసి ఉన్నారంటే, వారిని పట్టి ఉంచినది వర్తకం.

ఆ వర్తకం ఎంత దూరం పోయేదో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే చెప్పాడు. బంగాళాఖాతంలో ఇంత మంచి లంగరు చోటు లేదని, పెగూ, సియాం, అరకాను, సుమత్రా, హుర్ముజ్, మక్కా దిశలకు ఓడలు ఇక్కడి నుండే పోతాయని వ్రాశాడు. ఆ జాబితాలో మక్కా పేరు మన పాఠకులు ప్రత్యేకంగా గమనించవలసినది. ఎర్రసముద్రానికి పోయే ఓడలలో అద్దకం బట్టలతోపాటు హాజీలు కూడా ఉండేవారు. తావెర్నియే తానే 1652 మేలో పారశీక తీరంలోని బందరు అబ్బాసులో ఎక్కి జూలైలో మచిలీపట్నంలో దిగాడు. అతడు ఎక్కినది డచ్చివారి ఓడ కాదు, ఆంగ్లేయుల ఓడ కాదు. గోల్కొండ సుల్తాను సొంత ఓడ. ఏటేటా సన్నబట్టలు, చీటీ బట్టలు పారశీకానికి తీసుకొనిపోయి తిరిగి వచ్చే ఓడ. అందులో పారశీక, ఆర్మీనియా వర్తకులు ప్రయాణం చేశారు. దారిలో తుఫాను పట్టి ఓడలో నీరు చేరితే, సరుకులో ఉన్న తోళ్ళను బాల్చీలుగా కుట్టి నీరు తోడి బ్రతికిపోయారు. మెస్సీనా ఎదుట ఇబ్నె జుబైరు ఓడకు దక్కని అదృష్టం వీరికి దక్కింది.

ఇక్కడే చరిత్రకారుడు ఆగి ఆలోచించాలి. ముస్లిం సుల్తాను ఓడ, ముస్లిం వర్తకులు, బహుశా ముస్లిం ఖలాసీలే. వ్రాసినవాడు మాత్రం ఫ్రెంచివాడు. పట్నం గురించి మెత్‌వోల్డు వ్రాశాడు, తెవెనో వ్రాశాడు, డచ్చి కొఠీ గుమాస్తాలు ఏటేటా ఉత్తరాలు వ్రాసి భద్రపరిచారు. ఈ రేవులో దిగి, ఈ వీథులలో నడిచి, ఇక్కడి మస్జిదులో నమాజు చేసి ఆ సంగతులు ఇబ్నె జుబైరు వలె పుస్తకంగా వ్రాసినవాడు కనబడడు.

పారశీక భాషలో అసలే ఏమీ లేవని కాదు. అబ్దుల్లా కుతుబ్‌షా కాలపు చరిత్ర ‘హదీఖతుస్సలాతీన్’ ఉంది. సుల్తాను 1639లో సముద్రం చూడడానికి బందరు వచ్చిన ముచ్చట అందులో ఉంది. కాని అది ఏనుగు అంబారీ మీది నుండి చూసిన పట్నం. ఎవరు నజరానా ఇచ్చారో తెలుస్తుంది, బజారులో బియ్యం ధర తెలియదు. 1685లో పారశీక రాయబారులు సియాం వెళుతూ వ్రాసిన ‘సఫీనయె సులైమానీ’ మరింత దగ్గరగా వస్తుంది. దాని రచయిత ముహమ్మద్ రబీ చురుకైన కళ్ళు గలవాడు, నిష్ఠురంగా వ్రాయగలవాడు. అయితే వారి ఓడ ఈ తీరంలో ఆగినది చెన్నపట్నంలో, బందరులో కాదు. రెండేళ్ళు గడిచేసరికి, 1687లో, గోల్కొండ ఔరంగజేబు వశమైంది. బందరును దాని మంచి రోజుల్లో వర్ణించే అవకాశం అంతటితో పోయింది.

ఫలితం మన పాఠ్యపుస్తకాలలో చూడవచ్చు. బందరు చరిత్ర 1605–06లో డచ్చివారి రాకతోనో, 1611లో ‘గ్లోబ్’ అనే ఆంగ్ల ఓడ రాకతోనో మొదలవుతుంది. ఆంగ్లేయులు వచ్చేనాటికి ఆ రేవు తన సుల్తాను, తన హవల్దారు, తన షాబందరు కింద సాఫీగా నడుస్తున్నదని, వచ్చినవారు అక్కడ అనుమతి కోసం నిలబడ్డ బేరగాళ్ళేనని ఆ పాఠం చెప్పదు. మీర్ జుమ్లా కథ ఒక్కటి చాలు. పారశీకంలోని అర్దిస్తానులో నూనె వర్తకుని ఇంట పుట్టిన ముహమ్మద్ సయీద్ వజ్రాల వ్యాపారంలో పైకి వచ్చాడు. మచిలీపట్నానికి హవల్దారయ్యాడు, సొంత ఓడలు నడిపాడు, గోల్కొండ వజీరయ్యాడు. 1656లో మొగలాయీలలో చేరాడు. కొఠీల గుమాస్తాలు తమ ఉత్తరాలలో అతనిని ఎంత తిట్టుకున్నా, అతని అనుమతి లేకుండా మూట దించలేకపోయారు.

వ్రాతలు లేని చోట కాలినడకే గ్రంథపఠనం. గోల్కొండ నుండి బందరుకు పోయే రాజమార్గంలో అబ్దుల్లా తల్లి హయాత్ బఖ్షీ బేగం పేర వెలసిన హయాత్‌నగరులో మస్జిదు, దాని చుట్టూ బాటసారుల గదులు గల సరాయి నేటికీ నిలిచి ఉన్నాయి. బందరు ఊరిలో పేటల పేర్లే శాసనాలు. పరాసుపేట ఉంది. ఆనాటి తెలుగులో పరాసులంటే ఫ్రెంచివారు. వలందపాలెం ఉంది. వలందులంటే హాలండువారు. ఇంగ్లీషుపాలెం సంగతి చెప్పనక్కరలేదు. మూడు కొఠీలవారు వేరువేరుగా కాపురమున్న పట్నాన్ని ఒక్క ఉదయంలో నడిచి చుట్టిరావచ్చు. డచ్చివారి సమాధుల తోటలో కులచిహ్నాలు చెక్కిన రాళ్ళున్నాయి. సముద్రం వైపు కోట శిథిలాలున్నాయి. 1759 ఏప్రిల్‌లో కర్నలు ఫోర్డు ఫ్రెంచివారి నుండి పట్టుకున్న కోట అది.

పడవ ప్రయాణం వైపు మరలుదాం. బందరుకు పడమట, కృష్ణ అవతల ఒడ్డున నిజాంపట్నం ఉంది. డచ్చి, ఆంగ్ల కాగితాలలో దాని పేరు పెతపూలి. ‘గ్లోబ్’ ఓడవారు ముందు అక్కడికి వచ్చి, తరువాతనే బందరుకు సాగారు. ఈ రెండు రేవుల నడుమ ఉన్నదంతా ఏటి పాయలు, మడ అడవులు, దివి లంకలు. పెతపూలి పరిసరాల ఇసుకనేలల్లో పెరిగే చిరువేరుకు ఆ కాలంలో ఎక్కడాలేని గిరాకీ ఉండేది. అద్దకం బట్టకు ఎరుపు పట్టించేది ఆ వేరే. గుడ్డను కరక్కాయ, గేదెపాల నీటిలో నానబెట్టి, పటిక అద్ది, చిరువేరు రంగులో ఉడికిస్తే పటిక తగిలిన చోటనే ఎరుపు నిలుస్తుంది, తక్కినది పారేనీటి ఉతుకులో పోతుంది. ఈ పనికి ఏటి నీరు కావాలి, లంకల వేరు కావాలి, ఓడ కూడా కావాలి. అందుకే అద్దకం ఈ తీరంలో వేళ్ళూనింది. సరువు చెట్టు, బూటాలు, మిహ్రాబు ఆకృతిలో అద్దిన జానమాజులు మొదలైన పారశీక రుచులను తెలుగు అద్దకందారులు తమ కొయ్య అచ్చులలోకి తెచ్చుకున్నారు. బందరు పక్కనున్న పెడనలో ఈ కలంకారీ నేటికీ జీవనాధారం. హనుమాన్ జంక్షన్‌కు దగ్గరలోని ఏలూరు తివాచీలు కూడా పారశీకం నుండి వచ్చిన ముస్లిం నేతగాళ్ళు నేర్పినవేనని అక్కడి సంప్రదాయం.

కృష్ణలో పులిగడ్డ దగ్గర పాయలు చీలిన తరువాత అవనిగడ్డ, కోడూరు, నాగాయలంక, చివర సంగమస్థానమైన హంసలదీవి. ఇంకా కింద ఎదురుమొండి, నాచుగుంట, ఈలచెట్లదిబ్బ వంటి లంక గ్రామాలకు దశాబ్దాల తరబడి ఏటిమొగ రేవు పడవే దిక్కు. పిల్లవాడు బడికి పోవాలన్నా, రోగిని ఆసుపత్రికి చేర్చాలన్నా, పెండ్లి సరంజామా తేవాలన్నా ముందు పడవ. మెస్సీనా ఎదుట కిరాయి లేక ఓడలోనే మిగిలిపోయిన పేదల బాధ ఈ లంకలవారికి వివరించి చెప్పనవసరం లేదు.

రేవు ఎందుకు పడిపోయింది? ఒక్క కారణం చెప్పడం తేలిక, కాని న్యాయం కాదు. గోల్కొండ పతనంతో సుల్తాను ఓడ పోయింది. వర్తకం చెన్నపట్నానికీ, కలకత్తాకూ తరలింది. ఇసుక మేట వేసింది. వీటన్నిటిమీదా 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన ఒక్క రాత్రిలో సుమారు 30,000 మందిని బలిగొన్నది. మనుషులతోపాటు ఇళ్ళూ పోయాయి. ఇళ్ళతోపాటు పెట్టెలూ, పెట్టెలలోని కాగితాలూ పోయే ఉంటాయి. బందరుకు ఒక ఇబ్నె జుబైరు లేడని నిశ్చయంగా అనడం కూడా అందుకే కష్టం. వ్రాసినది నీటిపాలయి ఉండవచ్చు. 1977 నవంబరు 19న దివిసీమ మీద మళ్ళీ సముద్రం పొర్లింది. ప్రభుత్వ లెక్కలోనే మృతులు దాదాపు 10,000. అప్పటికి శవాలను లెక్కపెట్టేవారు, పత్రికలలో వ్రాసేవారు ఉన్నారు. 1864 నాటి మృతులలో ఏ పేటవారు ఎందరో, ఏ మస్జిదు జమాఅత్ మొత్తం తుడిచిపెట్టుకుపోయిందో చెప్పేవారు లేరు.

హాజీల దారి కూడా మారిపోయింది. ఆవిరి ఓడలు, రైళ్ళు వచ్చిన తరువాత ఈ జిల్లాల హాజీలు బందరు వైపు చూడడం మాని రైలులో బొంబాయి చేరి అక్కడ ఓడ ఎక్కారు. 1995తో ఆ ఓడ ప్రయాణమూ ముగిసింది, తరువాత అంతా విమానమే. 2023లో విజయవాడ విమానాశ్రయం మొదటిసారిగా హజ్ విమానాల కేంద్రమైంది. అది ఉన్న గన్నవరం, హనుమాన్ జంక్షన్ నుండి బెజవాడ పోయే రోడ్డు మీదనే ఉంది. ఒకప్పుడు నెలల తరబడి గాలి కోసం కాచుకొన్న తీరపు ప్రజలు ఇప్పుడు విమానాశ్రయం చేరుతున్నారు. అదే 2023లో బందరు దగ్గర కొత్త ఓడరేవు పనులకూ శంకుస్థాపన జరిగింది.

కొత్త రేవు పని సాగుతున్న ఈ రోజులలో పాత రేవును ఒకసారి నడిచి చూడదలచినవారు హనుమాన్ జంక్షన్‌లో గుడివాడ రోడ్డు పట్టి, బందరుకు ముందు వచ్చే పెడనలో ఆగడం మంచిది. అచ్చుకొయ్యలు చెక్కేవారిని, రంగు కాచేవారిని పలకరించాలి. వారి తాతలు ఏ నమూనాలు అద్దేవారో, ఏ వర్తకుడు కొనేవాడో అడగాలి. బందరులో కోట, సమాధుల తోట, పరాసుపేట, వలందపాలెం, పాత మస్జిదులు నడక మీదనే చూడాలి. మస్జిదుల ముతవల్లీల దగ్గర, పాత కుటుంబాల ఇళ్ళలో పారశీకంలోనో ఉర్దూలోనో ఉన్న ఇనాము పత్రాలు, వక్ఫు దస్తావేజులు, నికాహ్‌నామాలు, ఉత్తరాలు ఉంటే వాటి నకళ్ళు తీయించాలి. తెలియని లిపి అని చిత్తుకాగితాలలో కలపకుండా చదవగలవారికి చూపించాలి. మరునాడు అవనిగడ్డ మీదుగా నాగాయలంక చేరి, వీలైతే పడవలో ఏరు దాటాలి. అక్కడ వృద్ధులను 1977 గురించి అడగండి. వారికి 1864 గురించి వాళ్ళ తాతలు చెప్పినది ఏమైనా గుర్తుందేమో కూడా అడగండి.